పీచు పొట్లాలు, నార పొట్లాలు

1973 జూన్ 4

కొత్త సంవత్సరానికి మిల్లులో సేటు పంచిన డైరీ ఇది. అట్ట మీద కోడిపుంజు బొమ్మ. ఐదు నెలలు మా అత్తమ్మ దీన్ని పాలగిన్నె మీద మూతగా వాడుకుంది. ఈ రోజు లాక్కున్నాను. ఎవరికైనా చెప్పుకోవాల్సిన సంగతి జరిగింది. ఆయనకు చెబితే "ఊకోవే" అంటాడు. అత్తమ్మకు చెబితే తెల్లారేసరికి నాచారం అంతా తెలిసిపోతుంది.

మిల్లుకు ఒకావిడ వచ్చింది. కళ్లద్దాలు, చేతిలో చిన్న కాగితం పొట్లం. పేరు రత్నకుమారి. ఉప్పల్ రోడ్డులో ప్రభుత్వ పరిశోధనశాలలో పని చేస్తుందట, క్వార్టర్ వెనకాల నాలుగు కోళ్లు పెంచుకుంటుందట. మా మిల్లు కోళ్ల దాణాలో మర కింద నలగకుండా తప్పించుకున్న ఒక గుల్ల ఆమెకు దొరికింది. అది పట్టుకుని ఉప్పల్ నుంచి మల్లాపూర్‌లో మా మిల్లు దాకా ఎండలో నడిచి వచ్చింది. దాన్ని బస్తాలు కోసే అబ్బయ్య మామకు చూపించి ఎక్కడిదని అడిగింది.

"సముద్రం కాడికెల్లి రైల్ల వస్తయమ్మా. గుల్లల సంగతైతే గా పిచ్చామెనడుగున్రి," అని మామ నన్ను చూపించాడు.

ఆ పిచ్చామె నేనే. జల్లెడ వదిలి చీర దులుపుకుని వెళ్లాను. పొట్లంలో ఉన్నది చూడగానే నవ్వొచ్చింది.

"ఇది తాతపన్ను మేడం. ముందుగాల దోసిళ్లకొద్ది వస్తుండె. ఇప్పుడు జల్లెడకు ఒకటి దొరికితే మస్తు."

ఆవిడ నన్ను అలాగే చూస్తూ ఉండిపోయింది. "ముందు అంటే ఎప్పుడు? నీకెలా తెలుసు?"

"నా దగ్గర ఉన్నయి కద. అరువై ఎనిమిది సందివి."

ఆవిడ బస్తాల మీద కూర్చుండిపోయింది. సున్నపు ధూళి, చీర పాడవుతుందని చెబుదామనుకున్నాను, చెప్పలేదు. నన్ను పిచ్చిదని అనకుండా అంతసేపు చూసిన మొదటి మనిషి ఆవిడే.

జూన్ 5

ఆవిడకు చెప్పినవన్నీ ఇక్కడ కూడా రాసుకుంటాను, గొప్పలకు పోయి ఏమైనా పెంచి చెప్పానేమో చూసుకోవడానికి.

మా మిల్లుకు గుల్ల రెండు చోట్ల నుంచి వస్తుంది. ఏరు సముద్రంలో కలిసే చోటును మొగ అంటారట. ఒకటి ఉత్తరమొగ, ఒకటి దక్షిణమొగ. అక్కడ బురదలోంచి తవ్వి, బస్తాలకెత్తి, మూతి కుట్టి, రైలెక్కిస్తారు. బస్తా మీద తారుతో ఉ అనో ద అనో రాసి ఉంటుంది. ఇక్కడ అబ్బయ్య మామ మూతి కోస్తాడు, నేను జల్లెడ పట్టి రాళ్లూ ఎముకలూ మేకులూ ఏరేస్తాను, మిగిలింది మరలో పడి పిండవుతుంది. ఆ పిండి దాణాలో కలిస్తే కోడిగుడ్డు పెంకు గట్టిపడుతుంది.

చేరిన కొత్తలో ఒకరోజు జల్లెడలో ఒక చిప్ప కనిపించింది. రెండు రెక్కలూ విడిపోకుండా, లోపల గులాబి రంగు. అది మరలో పడుతుంటే చూడలేకపోయాను. తీసి కొంగున కట్టుకున్నాను. అంతే. అప్పటి నుంచి నెలకు రెండుసార్లు, ఉ బస్తాలోంచి ఒకసారి, ద బస్తాలోంచి ఒకసారి, కనిపించిన ప్రతి రకంలో ఒకటి తీసి, సేటు చదివి పారేసిన పేపర్లో చుట్టి, ఆ బస్తా మూతి తాడే చేతికి దొరుకుతుంది కనుక దానితోనే కట్టి, బస్తా మీది అక్షరం పొట్లం మీద రాసి డాల్డా డబ్బాల్లో వేస్తూ వచ్చాను. నూట పద్దెనిమిది పొట్లాలు.

పేర్లు నేనే పెట్టుకున్నాను. తాతపన్ను, దువ్వెనచిప్ప, పిల్లినాలుక, కిటికీగాజు, పెండ్లిపిల్ల గోరు. ఇంకా చాలా ఉన్నాయి.

పెంచి చెప్పిందేమీ లేదు.

జూన్ 10, ఆదివారం

చర్చి నుంచి వచ్చేసరికి రత్నకుమారి మేడం వాకిట్లో నిలబడి ఉంది. అత్తమ్మ ఆవిడను కూర్చోబెట్టకుండా ప్రశ్నలు వేస్తోంది.

"గవ్వల కోసం వచ్చినవా బిడ్డా? సదువుకున్నదానివి, నువ్వు గూడ గిట్లనేనా?"

మేడం నవ్వి, చెప్పులు విడిచి లోపలికి వచ్చి, నేలమీద కూర్చుంది. నాలుగు పొట్లాలు విప్పి, చూసి, మళ్లీ అదే తాడుతో కట్టింది. ఐదోది విప్పి, అందులోవన్నీ ఒక్కొక్కటే ఒళ్లో పెట్టుకుంది.

అప్పుడు చెప్పింది. ఆవిడది ఆ తీరమే. చిన్నప్పుడు దక్షిణమొగలో మోకాలి లోతు నీళ్లలో దిగితే కాలికి తగిలేవన్నీ ఇవేనట. పోయిన వేసవిలో వెళ్తే బురద తప్ప ఏమీ లేదట. తవ్వే కాంట్రాక్టరు ఇప్పుడు ఉత్తరమొగ మొత్తం తనకు రాసిమ్మని అడుగుతున్నాడు. ఇన్నాళ్లూ అక్కడ అంచున గీకాడు, ఇక నడిమధ్యకు యంత్రం దించుతాడు. జూలై ఇరవైన హైదరాబాదులోనే విచారణ.

"దక్షిణమొగలో మొదటి నుంచీ నాలుగైదు రకాలే ఉండేవి, ఏదీ పోలేదు, అక్కడ పోనిది ఇక్కడా పోదు అంటున్నాడు. కాదని నేను చెబితే, చిన్నప్పుడు చూశానంటే ఎవరు నమ్ముతారు? అప్పట్లో లెక్క రాసినవాళ్లు ఎవరూ లేరు. నువ్వు తప్ప."

గుల్లలు ఎత్తుకెళ్తే చేపపిల్లలకు దాగే చోటుండదట, పీతలు పోతాయి, పక్షులు రావు. ఒకదాని వెనక ఒకటి పోతాయని చెప్పింది. నేను సముద్రం చూడలేదు. నాకేం పట్టింది? కానీ తాతపన్ను గురించి ఆలోచిస్తూ అన్నం మాడ్చాను.

జూన్ 11

పొట్లాలు ఇస్తానని చెప్పేశాను. నాకేం భయం లేదు.

జూన్ 16

దామోదర్ సేటు పిలిచాడు. కుర్చీలోంచి లేవకుండానే నవ్వాడు.

"ఏం హన్నమ్మా, సర్కారు దాకా పోతున్నవంట. గుల్ల ఆగిపోతే మిల్లు ఏం దింటది? నువ్వేం దింటవ్?"

"గుల్లలకు బదులు సున్నపురాయి పోస్తలేరా సేటు, పక్క మిల్లుల?"

"ఓహో, ఇగ మిల్లు గూడ నువ్వే నడిపియ్యి," అన్నాడు. "సోంచాయించుకో. జల్లెడ పట్టెటోళ్లు మస్తుమంది దొరుకుతరు."

ఇంటికొచ్చి ఆయనకు చెప్పాను. ఆయన రైల్వే వర్క్‌షాపులో పని చేస్తాడు, ఇంట్లో మాట ఖర్చుపెట్టడు. పేరుకు మాత్రం దేవానందం. "నౌకరి పోతది," అన్నాడు. లేచి సైకిలు తుడుచుకున్నాడు. తిడితే నేనూ తిట్టేదాన్ని.

నాకేం భయం లేదు.

జూన్ 24, ఆదివారం

అంతా అయిపోయింది.

మేడం పొద్దున్నే వచ్చింది. ద పొట్లాలు ఒకవైపు, ఉ పొట్లాలు ఒకవైపు పేర్చి, ఒక్కొక్కటే విప్పి, అదే తాడుతో కట్టి, లెక్క రాసుకుంటూ పోయింది. నేను పక్కన కూర్చుని గర్వంగా విసనకర్ర విసురుతున్నాను. మధ్యాహ్నానికి పొట్లాలన్నీ అయ్యాయి, ఆవిడ లెక్క మొత్తం చూసుకుని తల ఎత్తింది.

"హన్నా, దక్షిణమొగ పొట్లాల్లో ఒక నెల ఇరవై రకాలు, మరుసటి నెల ఐదు, ఆ తర్వాత మళ్లీ ఇరవై. బురదలో ఉండేవి ఇలా పోయి అలా రావు." పొట్లం మీది అక్షరం చూసి అడిగింది. "ఖాళీ అయిన గోనెసంచులు ఏం చేస్తారు?"

"మడతబెట్టి, కట్టలు గట్టి, తిరిగి సముద్రం కాడికే పంపుతం మేడం."

"ఎవరివి వాళ్లకేనా?"

ఆ సంచులు మడతపెట్టేది నేనే. అన్నీ కలిపి వందకొక కట్ట కట్టి రైలెక్కించేది నేనూ అబ్బయ్య మామే. ద సంచి ఉత్తరమొగకు పోతుంది, ఉ సంచి దక్షిణమొగకు పోతుంది, ఏది దొరికితే దానిలో గుల్ల నింపుతారు. తారుతో రాసిన అక్షరం అది కొత్త సంచిగా ఉన్ననాటిది. ఐదేళ్లు ఆ అక్షరాన్ని నమ్మి పొట్లం మీద దిద్ది దిద్ది రాశాను.

"నీ తప్పు కాదు," అంది మేడం. నా తప్పే. చేతులారా చేసినదే. కాంట్రాక్టరు వకీలుకు ఈ ఒక్క మాట చాలట. ఇరవై రకాలున్నవన్నీ ఉత్తరమొగవే, దక్షిణమొగలో ఎప్పుడూ ఐదేనని తేల్చేస్తాడు. ఆవిడ వెళ్లేటప్పుడు టీ కూడా తాగలేదు.

జూన్ 25

రాయడానికేమీ లేదు.

జూన్ 27

మిల్లులో సేటు నన్ను చూసి నవ్వాడు. ఎలా తెలిసిందో. నేనూ నవ్వాను. నాకేం? గవ్వలు ఏరుకునే పిచ్చి ఆటకు ఇంత ఏడుపెందుకు? నేనేం ఏడవలేదు, ధూళి పడింది.

జూన్ 29

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

సాయంత్రం పని నుంచి రాగానే డబ్బాలన్నీ వాకిట్లో బోర్లించాను. "పారేయి అత్తమ్మా, డబ్బాలు నువ్వు వాడుకో," అని చెప్పి నీళ్లకు వెళ్లాను. కుళాయి దగ్గర వరుస పెద్దది, అరగంట పట్టింది. తిరిగొచ్చేసరికి అత్తమ్మ కాళ్లు చాపుకుని కూర్చుని పొట్లాల తాళ్లు విప్పుతోంది. ఆమె సంగతి తెలిసిందే, గుండుసూది కూడా పారేయనివ్వదు. పక్కన రెండు ఉండలు చుట్టి పెట్టింది. తాళ్లలో ఒకటి ఈ ఉండకు, ఒకటి ఆ ఉండకు చేరుస్తోంది.

"రెండెందుకు? ఒకటే ఉండ చుట్టరాదా?" అని విసుక్కున్నాను.

"నీ కండ్లు యాడ బోయినయే? ఇది కొబ్బరి పీచు, ఇది తాటి నార. పీచు నీళ్లల్ల నానినా ఏం గాదు, బట్టలారేసే తాడుకు పనికొస్తది. నార మెత్తబడి చెడిపోతది. రెంటిని కలిపి పేనుతరా ఎవలన్నా?"

బిందె కింద పెట్టాను. పెట్టానో పడేశానో, నీళ్లన్నీ పోయాయి.

పొట్లం కట్టింది ఆ బస్తా మూతి తాడుతోనే. ఎప్పుడూ అంతే, ఒక్కసారి కూడా వేరే తాడు వాడలేదు. సంచి పదిసార్లు తిరుగుతుంది కానీ మూతి తాడు కోసిన తర్వాత తిరిగి వెళ్లదు. బస్తా నింపిన చోట కుట్టిన తాడే నా పొట్లం మీదికి వచ్చింది. రెండు మొగలు, రెండు తాళ్లు!

"ఆపు అత్తమ్మా! ఇంకొకటి విప్పితే నా మీద ఒట్టే!"

"నువ్వే పారేయమంటివి గదనే?"

అప్పటికే పదకొండు విప్పేసింది. నూట ఏడు మిగిలాయి. నేను ఆమెను పట్టుకుని ముద్దు పెట్టుకుంటే, దయ్యం పట్టిందేమోనని ప్రార్థన మొదలుపెట్టింది.

జూన్ 30

మేడంను ఆఫీసు నుంచి సరాసరి లాక్కొచ్చాను. ఇంట్లో చోటు చాలక మంచాలు బయట వేశాం. ఈసారి అక్షరాలు చూడలేదు. పీచుతో కట్టినవన్నీ ఒక వరుస, నారతో కట్టినవన్నీ ఒక వరుస. పొట్లానికి చుట్టిన పేపరు మీద తేదీ అచ్చయి ఉంది కనుక పాతది ముందు, కొత్తది వెనక. ఆవిడ పోయిన ఆదివారం రాసుకున్న లెక్క తీసి ఒక్కొక్క పొట్లం ముందు చదువుతుంటే నేను సుద్దముక్కతో నేల మీద వేశాను.

నార వరుస: 22, 23, 23, 22, 23, 23.

పీచు వరుస: 23, 21, 17, 12, 8, 5.

ఇవి సంవత్సరాల వారీగా. అరవై ఎనిమిది నుంచి డెబ్బై మూడు దాకా. మధ్యలో ఒక్కటి కూడా ఎగుడుదిగుడు లేదు. పోయిన ఆదివారం చిందరవందరగా ఉన్నవన్నీ ఎవరో పిలిచి నిలబెట్టినట్టు వరుసలో నిలబడ్డాయి. పీచు వరుసలో తాతపన్ను చివరిసారి కనిపించింది డెబ్బై నవంబరులో. దువ్వెనచిప్ప డెబ్బై ఒకటి మార్చిలో. పెండ్లిపిల్ల గోరు డెబ్బై రెండులో.

మేడం పీచు వరుస అంకెల మీద వేలు పెట్టి చివరిదాకా చదివింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "ఇదీ మా దక్షిణమొగ," అంది. నాకు సంతోషం, దాని వెనకే బాధ. గెలిచామని గంతులు వేయబోయి ఆగాను. ఆ వరుసలో పోయినవి నిజంగా పోయాయి కదా.

అత్తమ్మ మాత్రం రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, "నేను విప్పకపోతే తెలుస్తుండెనా?" అంది. మేడం లేచి ఆమె చేతులు పట్టుకుంది.

జూలై 2

అబ్బయ్య మామను అడిగాను. "మామా, మూతి తాళ్లు రెండు తీర్లున్నయని నీకు ఎరికేనా?"

"పద్దెనిమిదేండ్ల సంది కోస్తున్న, ఎరిక లేకుంటదా? పీచైతే కత్తి ఎదురు తంతది, నారైతే ఇట్టె తెగుతది."

"మరి నాకెందుకు చెప్పలే?"

"నువ్వు అడిగినవా?"

ఈ మనిషిని ఏమనాలి?

ఏది ఏ మొగదో మాత్రం అతనికి తెలియదు. మేడం సెలవు పెట్టి రైలెక్కింది.

జూలై 9

మేడం వచ్చింది. రెండు చోట్లా బస్తాలు కుట్టేవాళ్ల దగ్గర కూర్చుని, తాడు ముక్కలు తెచ్చి, పంచాయతీ పెద్దలతో కాగితం రాయించి సంతకాలు పెట్టించింది. దక్షిణమొగ పక్కన పీచు తాళ్లు పేనే పాకలున్నాయట, అక్కడ ఎప్పుడూ పీచే. ఉత్తరమొగలో బస్తాలు నింపేది తాటిచెట్లు గీసే కుటుంబాల ఆడవాళ్లు, వాళ్ల ఇళ్లలో నార ఊరికే దొరుకుతుంది, అక్కడ ఎప్పుడూ నారే. తాతల నాటి నుంచి అంతేనట. నేను ఊహించినట్టే!

ఈసారి ఆవిడ నన్ను "హన్నా గారూ" అని పిలిచింది. వెనక్కి తిరిగి ఎవరున్నారా అని చూశాను.

జూలై 19

రేపే. నాకేం భయం లేదు అని రాసి కొట్టేశాను. భయంగా ఉంది. పెద్ద పెద్దవాళ్ల ముందు నా మాట విని నవ్వుతారేమో.

ఆయన సాయంత్రం వర్క్‌షాపు నుంచి ఒక చెక్కపెట్టె తెచ్చాడు. పనికిరాని పలకలతో తనే చేశాడు. లోపల నూట ఏడు గళ్లు. లెక్క ఎప్పుడు విన్నాడో నాకు తెలియదు. "పొట్లాలు నలగకుంట ఉంటయి," అన్నాడు. రేపు సెలవు కూడా పెట్టాడట. నేను లోపలికి వెళ్లి కాసేపు తలుపు వేసుకున్నాను.

జూలై 20

ఇది పొడుగ్గా రాస్తాను, తర్వాత మళ్లీ మళ్లీ చదువుకోవాలి.

ఆయన సైకిలు వెనక పెట్టె కట్టాడు. నేనూ మేడం బస్సులో వెళ్లాం. ఆఫీసులో పొడుగాటి బల్ల, ఆ చివర పెద్దాఫీసరు. ఒక పక్క కాంట్రాక్టరు, అతని వకీలు రామ్మోహనరావు. గోడ పక్కన మా సేటు కూడా ఉన్నాడు. మేడం లెక్కలు చదివింది. వకీలు ఒక్కసారి కూడా అడ్డం రాలేదు, చిరునవ్వుతో వింటున్నాడు. తర్వాత నన్ను లేవమన్నాడు.

"నువ్వు సముద్రం చూశావా అమ్మా?"

"చూడలే సార్."

"ఎంత చదివావు?"

"మిషన్ బడిల ఎనిమిది."

గదిలో ఎవరో నవ్వారు. వకీలు నా పొట్లం ఒకటి పైకెత్తి, "దీని మీద ద అని ఉంది. అంటే దక్షిణమొగ. అంతేనా?"

మేడం నా వైపు చూసింది. నేను చెప్పాలనుకున్నది అదే, వకీలే మొదలుపెట్టాడు.

"కాదు సార్. ఆ రాత తప్పు. ఐదేండ్లు నేను తప్పు రాసిన. ఖాళీ సంచులన్ని కలిపి తిరిగి పంపింది నేనే. ఆ అక్షరాలు మీరు జూడకున్రి, ఒక్కటి గూడ నమ్మకున్రి."

వకీలు నవ్వు ఆగిపోయింది. అతను ఆ రోజంతా దాచుకున్న మాట నేనే ముందు చెప్పేశాను. చేతిలో పొట్లం అలాగే ఉండిపోయింది.

"మరి ఏం నమ్మమంటావు?" అన్నాడు పెద్దాఫీసరు.

"తాడు సార్."

సంచి ఎలా తిరుగుతుందో, తాడు ఎందుకు తిరగదో చెప్పాను. పొట్లం చేతిలోకి తీసుకున్నాక మాట మామూలుగా వచ్చింది. జల్లెడ దగ్గర మాట్లాడినట్టే మాట్లాడాను. మేడం తీరం నుంచి తెచ్చిన తాడు ముక్కలు, సంతకాల కాగితం పెట్టింది. పెద్దాఫీసరు ఒక్కొక్క తాడు వేలితో రుద్ది చూశాడు.

వకీలు ఊరుకునే మనిషి కాదు. "తాళ్లు నిన్న మార్చి కట్టి ఉండొచ్చు కదండీ. ఇంట్లో కూర్చుని ఏ పొట్లానికి ఏ తాడు కావాలంటే అది కట్టుకోవచ్చు," అన్నాడు.

మేడం ముఖం తెల్లబోయింది. ఇది మేమిద్దరం అనుకోలేదు. గది చివర తలుపు దగ్గర ఆయన నిలబడి ఉన్నాడు. ఆయన వైపు చూశాను, ఎందుకో తెలియదు. ఆయన తన మణికట్టు రుద్దుకుంటున్నాడు, ఎప్పుడూ గడియారం పట్టీ ఉండే చోట, ఎండ తగలక తెల్లగా గీత పడిన చోట. ఆయనకేమీ తెలియదు, ఊరికే రుద్దుకుంటున్నాడు. ఆ గీత నాకు చాలు.

"సార్, ఆ తాళ్లు ఉప్పునీళ్లల్ల తడిసినయి. పేపరు మీద మరక పడకుంట ఉండదు. మీరే ఒకటి దీసి, తాడు విప్పి సూడున్రి. మీకు నచ్చింది తీయున్రి."

పెద్దాఫీసరు పెట్టెలో చెయ్యి పెట్టి మధ్యలోంచి ఒకటి తీశాడు. పీచుది. విప్పాడు. డెబ్బై ఆగస్టు నాటి పేపరు, పసుపుబారిపోయింది. తాడున్న చోట అడ్డంగా నిలువుగా గోధుమరంగు గీత, పీచు పురులు పురులుగా అచ్చుపడి ఉంది. తాడు మళ్లీ దాని మీద పెట్టాడు. గీతలో గీత కూర్చుంది. ఇంకొకటి తీశాడు, నారది. సన్నటి చదును మరక. మూడోది విప్పమని వకీలుకే ఇచ్చాడు. వకీలు విప్పి, చూసి, బల్ల మీద పెట్టి కూర్చున్నాడు.

అప్పుడు పెద్దాఫీసరు మూడో పొట్లంలోంచి ఒకదాన్ని చేతిలోకి తీసుకుని, "దీని పేరేమిటి?" అని అడిగాడు. మేడం నోరు తెరిచింది. ఆఫీసరు చెయ్యెత్తి ఆపి నన్ను చూశాడు.

"తాతపన్ను సార్."

గదిలో మళ్లీ నవ్వారు. ఈసారి నేనూ నవ్వాను.

జూలై 21

సేటు పనిలోంచి తీసేస్తాడని వెళ్లాను. "సోమారంసంది తొందరగ రా, మస్తు బస్తాలొచ్చినయి," అన్నాడు, అంతే. పెద్దాఫీసరు నా పేరు రెండుసార్లు అడిగి రాసుకోవడం అతనూ చూశాడు కదా.

ఆగస్టు 8

ఇంకా ఏమీ రాలేదు. నాకేం, ఎప్పుడొస్తే అప్పుడు.

ఆగస్టు 19, ఆదివారం

ఏమీ రాలేదు. నాకేం అని రాయడం మానేస్తున్నాను. పోస్టుమాన్ సైకిలు బెల్లు వినబడితే చాలు, జల్లెడ ఆగిపోతోంది. అబ్బయ్య మామ కూడా కత్తి ఆపి చూస్తున్నాడు.

సెప్టెంబరు 6

వచ్చింది! వచ్చింది! వచ్చింది!

మేడం మిల్లు గేటు బయట నుంచే కాగితం ఊపుతూ వచ్చింది. ఉత్తరమొగలో పదేళ్లపాటు ఎవరూ తవ్వకూడదు, గీకకూడదు, యంత్రం దించకూడదు. అంచున తవ్వకం కూడా బంద్. దక్షిణమొగలో ఒడ్డున ఎప్పటివో పేరుకుపోయిన చచ్చిన కుప్పలే తీసుకోవాలి, నీళ్లలో చెయ్యి పెట్టకూడదు. మర శబ్దంలో వినబడక మేడం ప్రతి మాటా రెండుసార్లు అరిచి చదవాల్సి వచ్చింది. అబ్బయ్య మామ మర ఆపేశాడు. సేటు ఎందుకు ఆపావని కేకేస్తే, "జర ఆగున్రి సేటు, హన్నమ్మ గెలిచింది," అని తిరిగి కేకేశాడు.

కాగితానికి వెనక ఒక పట్టిక ఉంది. ఇరవై మూడు రకాలు. ఎడమ పక్క మేడం లాటిన్ పేర్లు, కుడి పక్క తెలుగులో నావి. తాతపన్ను, దువ్వెనచిప్ప, పిల్లినాలుక, కిటికీగాజు, పెండ్లిపిల్ల గోరు. టైపు చేసి, కింద ప్రభుత్వ ముద్ర వేసి. నేను వేళ్లతో తడుముతూ ప్రతి పేరూ చదువుకున్నాను. ఎక్కడో మొగలో బురదలో తాతపన్ను ఇంకా ఉంది, ఉంటుంది. నా జల్లెడలోకి మాత్రం ఇక రాదు. నేను చేసిన పనులన్నిటిలో ఇంత మంచి పని మరొకటి లేదు, ఎవరూ చదవరు కాబట్టి రాసుకుంటున్నాను.

ఇంటికి మిఠాయి తెచ్చింది ఆయన! అత్తమ్మ నాచారం అంతా పంచింది. తనే గెలిపించానని చెప్పుకుంటూ పంచింది, చెప్పుకోనీ.

నవంబరు 12

మిల్లులో ఇప్పుడు సగం సున్నపురాయే. సేటు నష్టపోయిందేమీ లేదు, రాయి చవకని ఇప్పుడు తనే అందరికీ చెబుతున్నాడు. నాకు మాత్రం విసుగు. జల్లెడలో రాయి తర్వాత రాయే, పేరు పెట్టడానికి ఒక్కటీ లేదు. గంటకోసారి చెయ్యి దానంతటదే ఏదో వెతుకుతుంది. పోనీ, ఇది నేను కోరుకున్నదే.

1974 జూన్ 4

డైరీ అయిపోయింది, జనవరి ఖాళీ పేజీలకు తిరిగొచ్చి రాస్తున్నాను. మేడం మొదటిసారి వచ్చి ఏడాది.

ఈ రోజు అటక మీది డబ్బాలన్నీ దించి తుడిచాను. పోయిన జనవరిలోనే 74 కోసం కొత్తది ఒకటి పెట్టాను, ఉత్తరమొగకు. మూత తీసి చూశాను. నారతో కుట్టిన బస్తా ఈ ఏడాది ఒక్కటీ రాలేదు. అబ్బయ్య మామను కూడా మళ్లీ అడిగాను, లేదన్నాడు.

అత్తమ్మ వెనక నుంచి చూసింది. "ఖాళీగనే ఉన్నది గద, ఇటియ్యి, పప్పు పోసుకుంట."

"ఇయ్యనత్తమ్మా."

"ఉత్త డబ్బానేం జేస్తవే?"

"ఇరువై మూడు రకాలు అక్కడ్నే ఉన్నయి. గందుకే ఇది ఉత్తగున్నది."

అత్తమ్మ డబ్బా అందుకుని మూత పెట్టింది. తర్వాత దండెం దగ్గరకు వెళ్లి, ఏడాది నుంచి దాచిపెట్టిన నార ఉండ తెచ్చి, మూతకు అడ్డంగా నిలువుగా బిగించి ముడి వేసి, తనే అటక మీద మిగతావాటి పక్కన పెట్టింది. నేను కాగితం ముక్క మీద రాసి అంటించాను:

1974. ఉత్తరమొగ. ఒక్కటి కూడా రాలేదు.

నా దగ్గరున్న డబ్బాలన్నిటిలోనూ నాకు బాగా నచ్చింది ఇదే.